రెండు గ్లాసుల బాదం

పళ్లెంలో పోసిన బాదం పప్పుల్ని ఆమె వేళ్లు ఏరుతున్నాయి. పుచ్చుది ఒక పక్కకి, ముడుచుకుపోయింది ఇంకో పక్కకి, మంచిది ఒళ్లోని గిన్నెలోకి. చూపు కిటికీ అవతల ఉన్నా పని ఆగదు. పుచ్చుపప్పుని ఆమె కంటితో పట్టదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పడుతుంది. ఏరడం అయ్యాక కుడిచెయ్యి అలవాటు కొద్దీ పక్కనున్న డబ్బాలోకి వెళ్లింది, గ్లాసు కోసం. గ్లాసు లేదు. చెయ్యి డబ్బా అడుగంతా ఒకసారి తడిమి ఖాళీగా బయటికొచ్చింది.

"మళ్లీ వెతుకుతున్నావా అత్తయ్యా? అది ఇహ లేదు," అంది గుమ్మంలో నిలబడి జడ వేసుకుంటున్న కోడలు.

"నాకు తెలుసులేవే. చేతికే ఇంకా తెలీలేదు."

వీధిలో ఆమెని అందరూ గ్లాసత్త అంటారు. కూరగాయలమ్మే మనిషి నుంచి పక్కింటి పసిపిల్ల దాకా అదే పేరు. పెళ్లికి ముందు ఆమె ఒక బేకరీలో గిన్నెలు తోమేది. అక్కడి మేస్త్రి మాట్లాడే మనిషి కాదు. ఏదైనా అడిగితే "చూడు" అనేవాడు. రెండోసారి అడిగితే "బాగా చూడు" అనేవాడు. అంతకు మించి చదువు చెప్పలేదు. ఆమె చూసింది. గిన్నెలు తోముతూ తోముతూ పిండి కలపడం దాకా వచ్చింది, పిండి నుంచి ఓవెన్ దాకా వచ్చింది. ఆ బేకరీ మూతపడ్డ రోజున పనివాళ్లు తలా ఒక వస్తువు తీసుకున్నారు. ఒకడు జల్లెడ, ఒకడు పెద్ద కత్తి. మేస్త్రి ఆమె చేతిలో ఒక స్టీలు గ్లాసు పెట్టాడు. అంచు కాస్త లోపలికి వంగిన మామూలు నీళ్ల గ్లాసు. ఆ గ్లాసుతోనే ఆయన పప్పులు కొలిచేవాడు, దాంతోనే మంచినీళ్లు తాగేవాడు.

అప్పటి నుంచీ ఆమెకి కొలత అంటే అదే. మైదా పావుకిలో ప్యాకెట్టుగా దొరుకుతుంది. వెన్న పావుకిలో డబ్బాగా దొరుకుతుంది. గుడ్లు లెక్కపెట్టుకోవచ్చు. పంచదారకి ఒక గరిటె ఉంది. పప్పుల సంగతి వేరు. అవి గోతంలోంచి విడిగా వస్తాయి కాబట్టి వాటికి గ్లాసే దిక్కు. రెండు గ్లాసుల బాదం, ఒక గ్లాసు అక్రోట్లు. ఎవరు అడిగినా ఇదే చెప్పేది. దాచుకునే రకం కాదు. అడిగిన ఆడవాళ్లు ఇంటికెళ్లి తమ గ్లాసులతో చేసుకుని, "అత్తా, నీ చేతిలో ఏదో ఉంది, మాకు రాలేదు" అని వాపోయేవాళ్లు. చేతిలో గ్లాసు ఉందని ఆమెకి గానీ వాళ్లకి గానీ తట్టలేదు.

ఆ గ్లాసు మీదుగా వ్యాను ఎక్కించింది ఆమె మొగుడే. ఆయన ఒక ఫర్నిచర్ దుకాణానికి సామాన్లు చేరవేస్తాడు. ఆమె గ్లాసు కడిగి మెట్టు మీద ఎండకి బోర్లించింది. గాలికి దొర్లిందో, కాకి దొర్లించిందో, చక్రం కిందికి చేరింది. ఆయన వ్యాను వెనక్కి తీశాడు. టప్ మని చిన్న చప్పుడు. దిగి చూసి, అప్పడంలా పరుచుకుపోయిన దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇదేంటోయ్, మన గ్లాసేనా?" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన్ని ఆమె ఇంకా క్షమించలేదు. సుత్తితో కొట్టి మళ్లీ గుండ్రంగా చేద్దామని చూశాడు. అప్పడం కాస్తా దోనె అయింది, అంతకుమించి కాలేదు.

గ్లాసు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆమె కూడా మొదట అలాగే అనుకుంది. టీ గ్లాసు ఒకటి తీసుకుని, ఎప్పటిలా రెండు, ఒకటి కొలిచి కేకు చేసింది. బస్సు డిపో ఎదురుగా ఉన్న టీకొట్టుకి ఇచ్చొచ్చింది.

ఆ టీకొట్టులో ఒక అద్దాల పెట్టె ఉంది. కింది అరల్లో బిస్కెట్లు, బన్నులు. పై అర గ్లాసత్తది. డ్రైవర్లు, కండక్టర్లు డ్యూటీ మారే వేళ టీ తాగుతూ ఆ అరవైపు వేలు చూపిస్తారు. ఆమె తన కోసమంటూ ఒక చోటు సంపాదించుకున్నది జీవితంలో అదొక్కటే. ఇల్లు మావగారిది, వ్యాను దుకాణం వాళ్లది, వరండాలోని ఓవెన్ కొడుకు కొనిచ్చింది. ఆ అర మాత్రం ఆమె కేకు సంపాదించిపెట్టింది. బస్సులో ఎటైనా వెళ్లొచ్చేటప్పుడు కిటికీలోంచి ఆ పెట్టె కనపడితే, పై అర ఖాళీ అయిందా లేదా అని మెడ సాచి చూసేది.

టీ గ్లాసుతో చేసిన కేకు మర్నాటికి కూడా అరలోనే ఉంది. "అక్కా, ఇది కేకులా లేదు, బెంచీ మీద వేసుకునే దిండులా ఉంది," అన్నాడు టీకొట్టాయన. నమిలితే పప్పు రుచే తగల్లేదట.

అప్పుడు కోడలు రంగంలోకి దిగింది. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. మాత్రలు, సీసాలు, మిల్లీగ్రాములతోనే రోజంతా. "కొలత అంటే బరువు అత్తయ్యా. గ్లాసేంటి?" అని ఒక చిన్న కాటా కొనుక్కొచ్చింది. పళ్లెం పెడితే అంకెలు వెలిగేవి. ఫోన్‌లో వెతికి, ఒక కప్పు బాదం ఇన్ని గ్రాములు అని పట్టుకుంది. దాన్ని రెండు చేసింది. తూచింది, మిక్సీలో పొడి చేసింది, పిండిలో కలిపింది. మిక్సీ జారు శుభ్రంగా కడిగి బోర్లించింది కూడా. అత్తని వేలు పెట్టనివ్వలేదు. "నువ్వు కూర్చో, ఈ రోజు నీకు సెలవు" అంది.

ఆ కేకుని టీకొట్టాయన కత్తితో కోయబోతే పొడిపొడిగా రాలిపోయింది. కాగితం నిండా నూనె మరక. ఒక డ్రైవరు దాన్ని చెంచాతో తిన్నాడట. "పైగా పైనంతా బోడిగుండులా ఉందక్కా," అన్నాడు టీకొట్టాయన. ఆ తర్వాత మెల్లగా, నేలచూపులు చూస్తూ అసలు సంగతి చెప్పాడు. ఫ్యాక్టరీ కేకుల ఏజెంటు ఒకడు పై అర అడుగుతున్నాడు. కవర్లో చుట్టిన కేకులు, ఎన్నాళ్లయినా చెడవు. "నేను వాడికి రేపు సాయంత్రం చెప్తానన్నా. రేపటి ట్రే మంచిగా వస్తే నువ్వే. ఇహ మళ్లీ ఇలాగే అయితే నన్ను తిట్టుకోకు."

ఆ రేపే ఈ రోజు.

కోడలికి షాపులో మధ్యాహ్నం డ్యూటీ. అప్పటిదాకా అత్త పక్కనే ఉంటానంది. నేల మీద న్యూస్‌పేపర్ పరిచి, దాని మీద కాటా, దాని పక్కన ఫోన్ పెట్టుకుని బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇదిగో, ఇక్కడ కప్పు బాదం నూట నలభై మూడు అంటోంది. కింద ఇంకోచోట తొంభై అయిదు. ఇంకోచోట నూట పది."

"ఏ ఊరి బాదం అవి?"

"ఊరు కాదత్తయ్యా. ఒకటి గుండు పప్పు, ఒకటి పొడి, ఒకటి సన్నగా చీరింది."

"పప్పు పప్పే కదే! పొడి చేస్తే బరువెక్కడికి పోతుంది? నేనేమన్నా తింటున్నానా మధ్యలో?"

కోడలు ఫోన్‌ని కిందికీ పైకీ జరిపి చూసింది. నిజానికి ఆమెకీ సరిగ్గా తెలియలేదు. "ముందు ఆ పాత గ్లాసు ఎంతదో తెలియాలి. కప్పు అంటే ఫోన్‌లో వాళ్ల కప్పు. మన గ్లాసు దానికంటే పెద్దదా, చిన్నదా?"

"ఇంత ఉండేది," అని గ్లాసత్త అరచేతులు రెండూ దగ్గరగా పెట్టి చూపించింది. చేతుల మధ్య దూరం ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వచ్చింది. ఆమెకే విసుగొచ్చి చేతులు దులుపుకుంది.

ఫలానా గ్లాసులో ఎంత పడుతుందో కొలవాలంటే ఆ గ్లాసు ఉండాలి. ఉన్నది దోనె. అందులో నీళ్లు పోస్తే ఒక పక్కనుంచి కారిపోతున్నాయి. ఇద్దరూ ఆ దోనెని కాటా మీద పెట్టి దాని బరువు కూడా చూశారు. ఎందుకు చూశారో ఇద్దరికీ తెలియదు.

గ్లాసత్త మొగుడు ఆ పూట వ్యాను తీయలేదు. సామాన్లు లేవన్నాడు. గిల్టీగా ఉందని ఇంట్లోవాళ్లకి తెలుసు. వరండా స్తంభం పక్కన కూర్చుని, అడగకుండానే సలహా ఇచ్చాడు.

"పాలు చూడండి."

"పాలేంటి మావయ్యా?"

"పొద్దున్నే పాలు కాచేది నేనే కదా. మీ అత్త ఆర్డరు. ప్యాకెట్లోంచి ఒక గ్లాసు టీకి, ఒక గ్లాసు సాయంత్రానికి. ఆ గ్లాసుతోనే. నిండా రెండు గ్లాసులు వచ్చి, ప్యాకెట్ మూలన ఓ గుక్కెడు మిగిలేది. దాన్ని నేను నోట్లో వేసుకునేవాణ్ణి."

గ్లాసత్త ఒక్కసారి తల తిప్పి చూసింది. "ఇన్నేళ్లూ పచ్చిపాలు తాగుతున్నారా!"

"గుక్కెడే."

"నేను పిల్లిని తిడుతున్నా ఇన్నాళ్లూ."

కోడలికి నవ్వాగలేదు, కానీ ఫోన్ పక్కనపెట్టింది. అరలీటరు ప్యాకెట్టు. రెండు గ్లాసులు, గుక్కెడు. ఇహ గుక్కెడు ఎంత అన్నదే తేలాలి. ఆయన పాలు నోట్లో పోసుకుని, మింగకుండా బుగ్గలు ఉబ్బించి గిన్నెలోకి వదిలితే, అది నాలుగు చెంచాలైంది. "అంత కాదు, రోజూ తాగేది చిన్న గుక్క," అన్నాడు. మళ్లీ చేస్తే రెండున్నర చెంచాలైంది. "ఇంకాస్త చిన్నదేమో." గ్లాసత్త విసుక్కుంది: "మీ నోరు కొలతకి వచ్చేట్టు లేదు. ప్యాకెట్ మూల మడతలో ఎంత పడుతుందో చూడండి." ఖాళీ ప్యాకెట్టు మూల పట్టుకుని నీళ్లు పోస్తే ఒకటిన్నర చెంచా పట్టింది. ఆ మాటకి ముగ్గురూ ఒప్పుకున్నారు.

కోడలు ఒక పొడుగాటి గాజు గ్లాసు తెచ్చింది. ఒకటిన్నర చెంచా తీసేసిన పాలని రెండు సగాలుగా తూచి, ఒక సగం గాజు గ్లాసులో పోసి, పాలు ఆగినచోట బయట ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీసింది. పాలు తీసేసి గ్లాసు కడిగి తుడిచింది.

గ్లాసత్త ఆ గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకి నచ్చలేదు. పాత గ్లాసులో పప్పులు పోసి, బొటనవేలితో అంచు మీద తలకొట్టేది. వేలికి ఆ చదును తెలిసేది. ఇక్కడ గీత గ్లాసు మధ్యలో ఉంది. వేలు అంత లోపలికి వెళ్లదు. "గీత దాకా అంటే గీత పైనా, గీత కిందా?" అంది. కోడలు "గీత మీద" అంది. పప్పులు నున్నగా ఉండవు కదా, ఒకటి గీతకి పైకి పొడుచుకుంటుంది, ఒకటి కిందికి జారుతుంది. చివరికి గ్లాసుని రెండుసార్లు నేలకి తట్టి, ఇద్దరూ తలలు ఆనించి చూసి, సరే అనుకున్నారు.

తూచారు. నూట నలభైకి కాస్త పైన.

కోడలు ఫోన్ వైపు చూసింది, కాటా వైపు చూసింది, మళ్లీ ఫోన్ వైపు. "అత్తయ్యా... నిన్న నేను వేసింది కూడా ఇంతే."

"అదేంటి?"

"మన గ్లాసూ, వాళ్ల కప్పూ ఒకటే. నిన్న నేను సరిగ్గానే వేశాను."

"సరిగ్గా వేస్తే పొడిపొడిగా ఎందుకు రాలింది?"

కోడలు కాటా ఆపి మళ్లీ వేసింది, అదే అంకె వెలిగింది. అంతవరకూ వాళ్లకి ఒకటే తెలియదు, గ్లాసు ఎంతదో. ఇప్పుడు గ్లాసు దొరికింది, కేకు ఎందుకు పాడైందో మాత్రం పోయింది. మొగుడు లేచి కాఫీ పెడతానని వంటింట్లోకి జారుకున్నాడు.

"పొడి చేసి చూద్దాం," అంది కోడలు.

రెండు గ్లాసుల బాదం మిక్సీలో వేసి, ఆపి ఆపి తిప్పారు. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. ఆ పని గ్లాసత్త చేసింది. జారు మూత మీద చెయ్యి పెట్టుకుని, లోపలి చప్పుడు మారిన క్షణాన బటన్ వదిలేసింది. తర్వాత పొడిని గాజు గ్లాసులో గీత దాకా పోసి ఒక గిన్నెలో ఒంపారు. ఒకటి. మళ్లీ పోసి ఒంపారు. రెండు. జారులో చూస్తే ఇంకా ఉంది. పోస్తే గీత దాకా వచ్చింది. మూడు.

గ్లాసత్త జారులోకీ, గిన్నెలోకీ మార్చి మార్చి చూసింది. "రెండు వేశాం కదే."

"వేశాం."

"మూడెలా అయింది?"

"పొడిలో గాలి ఉంటుందేమో అత్తయ్యా. పొంగుతుంది."

ఒక్కో గ్లాసు పొడిని తూస్తే తొంభై అయిదు చూపించింది. మూడింటినీ కలిపి తూస్తే గుండుపప్పు రెండు గ్లాసుల బరువే వచ్చింది. బరువు ఎక్కడికీ పోలేదు. గ్లాసత్తకి అది అర్థమైనట్టే ఉంది, కానట్టూ ఉంది. అంగట్లో సరుకు పెరగడం ఆమె ఎప్పుడూ చూడలేదు. వెంటనే ఇంకో అనుమానం వచ్చింది. "అయితే అక్రోటు కూడా పెరగాలిగా."

అక్రోట్లని గీత దాకా కొలిచి, చెక్క మీద పోసి, కత్తి మొన ఒక చోట ఆనించి, పిడి వైపు ఎత్తి దించుతూ తరిగింది. మళ్లీ గ్లాసులో పోసింది. గీతకి రెండు వేళ్లు కిందే ఆగిపోయాయి.

ఆమె గ్లాసు పైకెత్తి వెలుతురుకి పట్టి చూసింది. చెక్క కింద ఏమైనా పడ్డాయా అని చెక్క ఎత్తింది. ఒళ్లో చూసుకుంది. "బాదం పెరిగింది. అక్రోటు తగ్గింది. ఒకే గ్లాసు, ఒకే గీత, ఒకే చెయ్యి. ఏమే, నీ కాటాకి పిచ్చా, నాకా?"

"కాటా తప్పేముంది అత్తయ్యా? అక్రోట్లు వంకరటింకరగా ఉంటాయి కదా, మధ్యలో ఖాళీలుంటాయి. తరిగితే ముక్కలు ఆ ఖాళీల్లో సర్దుకుంటాయి."

"మరి బాదం పొడి ఎందుకు సర్దుకోలేదు?"

కోడలు పొడి గిన్నెని ఒకసారి కుదిపి చూసింది. "అది నాకూ తెలీదు."

ఎండ వరండా చివరి గచ్చు మీద నుంచి లోపలికి జరిగింది. కోడలు చేతులు రెండూ నెత్తి మీద పెట్టుకుంది. "అత్తయ్యా, ఒక్క మాట చెప్పు. నువ్వు రెండు గ్లాసులంటే, పొడి చేయక ముందా, చేశాకా?"

"రెండు గ్లాసులు."

"అదే, ముందా, తర్వాతా?"

"ముందేంటే, తర్వాతేంటే! కొలిచి పొడి చేస్తా. పిండిలో కొలిచి వేస్తా. రెండు."

"రెండుసార్లూ కొలుస్తావా?"

"మేస్త్రి అలాగే చేసేవాడు. నేనూ అలాగే చేస్తాను."

"అలా అయితే మూడోది ఏమవుతుంది?"

"మూడోది లేదు. నేనెప్పుడూ మూడోది చూడలేదు."

ఆమె అబద్ధం చెప్పడంలేదు. మొహం చూస్తే తెలుస్తోంది. ఎంత గుర్తుచేసుకున్నా ఆ మూడో గ్లాసు పొడి ఆమె కళ్లముందుకి రావడం లేదు. ఆలోచిస్తున్న కొద్దీ, రెండు అన్నది కూడా నిజమేనా అని సందేహం పట్టుకుంది. ఒకవేళ మూడేనేమో. కాదు, మూడు వేస్తేనే కదా నిన్న రాలిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సాయంత్రానికి పై అరలో ఫ్యాక్టరీ కవర్లు తళతళలాడుతుంటాయి.

మొగుడు కాఫీ గ్లాసులు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాడు. "ఊరికే ప్రశ్నలేస్తే ఎలా అమ్మాయ్? నన్నెవరైనా వ్యాను రివర్సు ఎలా తీస్తావని అడిగితే నేనూ చెప్పలేను."

"మీరు తీసిన రివర్సు మాకు తెలుసులెండి," అంది గ్లాసత్త.

కోడలు మాత్రం ఆ మాట దగ్గర ఆగింది. కాఫీ తాగేసి లేచింది. "నువ్వు చెయ్యి అత్తయ్యా. నేనేం అడగను. బట్టలు ఆరేసుకుంటా." తడిబట్టల బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. తీగ మీద దుప్పటి వేసి, దాని పక్కనుంచి వరండా వైపు చూస్తూ నిలబడింది.

గ్లాసత్త కళ్లు తుడుచుకుంది. తర్వాత పైట బొడ్లో దోపుకుని లేచింది. వెన్న, పంచదార గిన్నెలో వేసి తెల్లబడేదాకా తిప్పింది. గుడ్లు ఒక్కొక్కటే పగలగొట్టి, పగిలిన పెంకు లోపల బొటనవేలితో తుడిచి మరీ తీసింది. మైదా జల్లించింది. కోడలు ఒంపిన పొడిని మళ్లీ జారులోకే పోసింది, ఎందుకంటే ఆమె పొడిని జారులోంచే కొలుస్తుంది. రెండు గ్లాసులు కొలిచి పిండిలో వేసింది. అక్రోట్లు గీతకి తగ్గాయని ఇంకో నాలుగు తరిగి గీత దాకా నింపి వేసింది. చెక్కగరిటెతో కింది నుంచి పైకి మెల్లగా కలిపింది. కాగితం పరిచిన ట్రేలో పోసి, ట్రేని నేలకి ఒకసారి తట్టింది.

ఆ తర్వాత మిక్సీ జారు చేతిలోకి తీసుకుంది. తోమడానికి వేసే ముందు ఎప్పుడూ చేసే పని చేసింది. జారులో గరిటెడు పంచదార వేసి, మూత పెట్టి గట్టిగా ఊపింది. అడుగున మిగిలిందీ, అంచుల్లో అంటుకున్నదీ అంతా పంచదారతో కలిసి వదిలింది. దాన్ని ట్రే మీద పరాగ్గా చల్లేసి, ఖాళీ జారుని తొట్టిలో పడేసింది.

దుప్పటి అవతల నుంచి కోడలు కేక పెట్టింది. "అత్తయ్యా! మూడోది!"

గ్లాసత్త ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏమైందే?"

కోడలు తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "ఇప్పుడు చల్లావే, అదే మూడో గ్లాసు! జారులో మిగిలింది!"

"అదా? అది జారు కడుక్కోవడమే. జారుని మురికిగా తొట్టిలో వెయ్యకూడదు. మేస్త్రి ఊరుకునేవాడు కాదు."

"ఆ కడుక్కోవడమే నిన్న లేదు! నిన్న నేను మూడూ పిండిలో కలిపేసి, జారు నీళ్లతో కడిగేశాను. అందుకే లోపల నూనె, పైన బోడి!"

గ్లాసత్త ట్రే వైపు చూసింది. తడిపిండి మీద లేతగోధుమ రంగు పొర, పంచదార పలుకులతో మెరుస్తోంది. ఇన్నేళ్లుగా చూస్తున్న దృశ్యమే. అది కేకులో భాగమని ఏనాడూ అనుకోలేదు. పైన కరకరలాడేది ఓవెన్ మహిమ అనుకుంది. ఎవరైనా అడిగితే రెండు గ్లాసులని చెప్పింది, జారు గురించి చెప్పలేదు. గిన్నెలు తోమడం గురించి ఎవరు చెబుతారు?

"అంటే ఇది కూడా కొలతేనా?" అంది.

"కొలతే. ఒక గ్లాసు. తొంభై అయిదు గ్రాములు."

"పొడి చేయక ముందా, చేశాకా?"

కోడలు ఆమె మొహంలోకి చూసింది. వెటకారమో నిజంగా అడిగిందో పోల్చుకోలేకపోయింది. గ్లాసత్తకీ తెలియదు. ట్రే ఎత్తి ఓవెన్‌లో పెట్టి తలుపు వేసింది.

కాలుతున్నంతసేపూ ఎవరూ లెక్కలు మాట్లాడలేదు. మొగుడు మిక్సీ జారు తోముతానని ముందుకొచ్చాడు. "దాన్ని ముట్టుకోకండి," అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. వాసన ముందు తియ్యగా, తర్వాత పప్పు వేగిన ఘాటుతో వరండా నిండా పరుచుకుంది. గ్లాసత్త తలుపు తెరిచి, మధ్యలో పుల్ల గుచ్చి తీసింది. పొడిగా వచ్చింది. పైపొర మీద గోటితో తట్టింది. టక్ మంది. ఆ చప్పుడు వినగానే ఆమె భుజాలు కిందికి దిగాయి.

చల్లారాక అంచున ఒక ముక్క కోసి కోడలి చేతిలో పెట్టింది. కోడలు నమిలి, ఇంకో చెయ్యి చాచింది. "ఇది షాపుకి పట్టుకెళ్తా," అని కాగితంలో చుట్టుకుని డ్యూటీకి పరిగెత్తింది. వెళ్తూ గాజు గ్లాసుని డబ్బాలో, గీత పైకి కనపడేట్టు పెట్టి వెళ్లింది.

డిపో ముందు బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగుతున్నాయి. టీకొట్టాయన గ్యాస్ తగ్గించి, చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికొచ్చాడు. కౌంటరు పక్కన ఒక అట్టపెట్టె ఉంది. ఫ్యాక్టరీ కేకుల బొమ్మ దాని మీద. ఇంకా విప్పలేదు. గ్లాసత్త దానివైపు చూడనట్టే ట్రే బల్ల మీద పెట్టి గుడ్డ తీసింది.

ఆయన కత్తి తీసుకున్నాడు. పైపొర మీద కత్తి పడగానే కరుక్కుమంది. ముక్క నిలువుగా, అంచులు చెదరకుండా వచ్చింది. కాగితం మీద పెట్టి ఎత్తి చూశాడు. నూనె మరక లేదు. టీ తాగుతున్న ఒక కండక్టరు ముందుకి వంగి, "అది నాకు," అన్నాడు.

"ఆగు బాబూ, నేనింకా తినలేదు." సగం విరిచి నోట్లో వేసుకుని, మిగతా సగం కండక్టరుకి ఇచ్చాడు. నమలడం అయ్యేదాకా గ్లాసత్త పైటకొంగు వేళ్ల మధ్య నలుపుతూ నిలబడింది.

"అక్కా, ఇది నీ కేకు. మరి ఆ రెండు రోజులూ ఏమైంది?"

"మొదటి రోజు గ్లాసు లేదు. నిన్న జారు కడిగారు తమ్ముడూ."

"జారు కడిగితే కేకు పాడవుతుందా?"

"అవుతుందట. బాదం పెరుగుతుంది, అక్రోటు తగ్గుతుంది. నాకూ సరిగ్గా తెలీదు. మా కోడలు వస్తే అడుగు."

టీకొట్టాయన కండక్టరు మొహం చూశాడు. కండక్టరు కేకు మొహం చూశాడు. తర్వాత టీకొట్టాయన అట్టపెట్టెని కాలితో బల్ల కిందికి నెట్టి, అద్దాల తలుపు జరిపి, ట్రేని రెండు చేతులా పట్టుకుని పై అరలోకి తోశాడు. నిన్నటి ఖాళీ ట్రే తీసి ఆమె చేతికిచ్చాడు.

ఆమె ట్రేని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుంది.